దుకాణములోని కంప్యూటర్లు - గిరాకిని కొలుచు విధము

పట్టణములోని పెద్ద ఎలక్ట్రానిక్ సరకుల దుకాణములో అడుగు పెట్టినవారికి మొదట కనబడునవి సెల్‌ఫోనులు. వాటి వెనుక గోడ నిండ టెలివిజన్లు ఒకే బొమ్మను చూపుచు వెలుగుచుండును. ఒక ప్రక్క ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బారులు తీరి ఉండును. వీటినన్నిటిని దాటి లోపలికి పోయినచో, పొడవైన బల్లలమీద ల్యాప్‌టాప్ కంప్యూటర్లు మూతలు తెరచి కనబడును. ఒక్కొక్క దానికి ఒక ధర చీటి, ఎవరును ఎత్తుకొని పోకుండ కట్టిన ఒక సన్నని ఉక్కు తీగ. బల్లల వెనుక అట్టపెట్టెలు దొంతరలుగా పేర్చి ఉండును.

ఈ దృశ్యమును చూచి ఇద్దరు విద్యార్థులు రెండు విధములుగా తలచవచ్చును. "ఇన్ని పెట్టెలు తెప్పించినారంటే కంప్యూటర్లకు మంచి గిరాకి ఉన్నదన్నమాట" అని ఒకరు అందురు. "ఇన్ని పెట్టెలు మిగిలిపోయినవంటే కొనువారే లేరన్నమాట" అని రెండవవారు అందురు. ఇద్దరు చూచినది ఒక్కటే. ఇద్దరి మాటలును సబబుగానే వినబడును. కాని రెండు నిర్ణయములు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధములు.

ఇది ప్రొద్దుపుచ్చుటకు వేసికొను ప్రశ్న కాదు. బియ్యము కొంతకాలము నిల్వ ఉన్నచో పాతబియ్యమై ఎక్కువ ధర పలుకును. కంప్యూటరు అటువంటి సరకు కాదు. కొత్త నమూనా వచ్చినకొలది పాతదాని విలువ తగ్గిపోవుచుండును. గిరాకిని ఎక్కువగా అంచనా వేసిన వర్తకుని మూలధనము అట్టపెట్టెలలో చిక్కుకొనును. తక్కువగా అంచనా వేసినవాని దుకాణమునుండి గిరాకులు వట్టి చేతులతో తిరిగి పోవుదురు. పాఠశాల కొరకు పది కంప్యూటర్లు కొనబోవు ప్రధానోపాధ్యాయుడు "అందరును ఇదే కొనుచున్నారు" అను మాటను నమ్మవలెనా, మానవలెనా? ఇట్టి తీర్పులో పొరపడి కోట్ల డాలర్లు పోగొట్టుకొన్న పెద్ద కంపెనీలు కూడ కలవు. కనుక దుకాణపు ప్రదర్శన దేనికి సాక్ష్యము, దేనికి కాదు అను విషయమును శాస్త్రీయముగా పరిశీలించుట అవసరము.

తొట్టి లెక్క

ఉన్నత పాఠశాల విద్యార్థులందరును తొట్టి లెక్కలు చేసినవారే. ఒక గొట్టము తొట్టిని నింపుచుండును. మరియొక గొట్టము ఖాళీ చేయుచుండును. తొట్టిలో నీరు ఎంత ఎత్తున ఉన్నదో చూచినంతమాత్రమున ఏ గొట్టము నుండి నిమిషమునకు ఎంత నీరు పోవుచున్నదో చెప్పుట సాధ్యము కాదు. నిండుగా ఉన్న తొట్టి రెండు గొట్టములును మూసి ఉన్న తొట్టి కావచ్చును. రెండును బాగుగా పారుచున్న తొట్టియు కావచ్చును.

దుకాణము అటువంటి తొట్టియే. టోకు వర్తకుని యొద్దనుండి వచ్చు సరకు నింపెడి గొట్టము. గిరాకులు కొని తీసికొనిపోవు సరకు ఖాళీ చేసెడి గొట్టము. అలమరలలో కనబడు పెట్టెలు నీటి మట్టము. గిరాకి అనునది బయటికి పోవు ప్రవాహమునకు సంబంధించినది. మట్టమునకు సంబంధించినది కాదు. ఇద్దరు విద్యార్థులును మట్టమును చూచి ప్రవాహమును గూర్చి మాటలాడిరి. చిక్కు అంతయు ఇక్కడనే ఉన్నది.

మట్టమునకు, ప్రవాహమునకు గల సంబంధమును తెలుపు సూత్రమొకటి కలదు. 1961లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లిటిల్ దీనిని గణితరీత్యా నిరూపించెను. అందుచేత దీనికి లిటిల్ సూత్రమని పేరు వచ్చినది. ఇది మిక్కిలి సులభమైనది: ఒకచోట సగటున నిలిచి ఉండు వస్తువుల సంఖ్య, అచ్చటికి వచ్చిపోవు వేగమును ఒక్కొక్క వస్తువు అచ్చట గడపు సగటు కాలముతో హెచ్చించగా వచ్చిన లబ్ధమునకు సమానము. ఆసుపత్రిలో వేచియున్న రోగులకు, రైలు స్టేషనులోని ప్రయాణికులకు, దుకాణములోని పెట్టెలకు ఇది సమానముగా వర్తించును.

ఒక ఉదాహరణము చూడుడు. రెండు దుకాణములలోను సగటున 24 కంప్యూటరు పెట్టెలు కనబడుచున్నవని అనుకొనుడు. మొదటి దుకాణములో వారమునకు 12 అమ్ముడు పోవుచున్నవి. 24ను 12 చేత భాగించగా 2 వచ్చును; అనగా ఒక్కొక్క పెట్టె రెండు వారములు మాత్రమే అచ్చట ఉండును. రెండవ దుకాణములో వారమునకు 2 మాత్రమే అమ్ముడు పోవుచున్నవి. అచ్చట ఒక్కొక్క పెట్టె 12 వారములు నిలిచి ఉండును. చూచువారి కంటికి రెండు దుకాణములును ఒకే తీరుగా ఉన్నవి. ఒకచోట గిరాకి రెండవచోటి గిరాకికి ఆరు రెట్లు!

కాబట్టి పెట్టెలను లెక్కించుట సగము పని మాత్రమే. అవి ఎంతకాలమునుండి అచ్చట ఉన్నవో తెలిసికొన్నప్పుడే లెక్క పూర్తి యగును.

రేడియో దుకాణములో మొదటి కంప్యూటరు

కంప్యూటరు సాధారణ దుకాణములోనికి వచ్చిన కథ ఈ సందర్భమున తెలిసికొనదగినది. అమెరికాలో రేడియో షాక్ అను పేరుతో వేలకొలది దుకాణములు ఉండెడివి. రేడియో భాగములు, తీగలు, స్పీకర్లు వాటిలో అమ్మెడివారు. వీటి యజమాని టాండీ అను కంపెనీ. ఆ కంపెనీ 1977 ఆగస్టు 3వ తేదీన టి.ఆర్.ఎస్.-80 అను చిన్న కంప్యూటరును ప్రకటించినది. తెర, టేపు రికార్డరుతో సహా దాని ధర దాదాపు 600 డాలర్లు. అంతకు ముందు ఇట్టి యంత్రములను చాలమంది విడి భాగములుగా కొని స్వయముగా అతికించుకొనెడివారు. రేడియో దుకాణములో కంప్యూటరును పెట్టెలో పెట్టి అమ్మినచో కొనువారు ఉందురో, లేదో ఎవరికిని తెలియదు. కొలుచుటకు మట్టమును లేదు, ప్రవాహమును లేదు.

ఈ సందేహముతో కంపెనీ మొదటి విడతగా 3,500 యంత్రములను తయారు చేయుటకు అంగీకరించినది. ఈ సంఖ్యకు కారణము గమనింపదగినది. ఆనాడు కంపెనీ స్వంత దుకాణములు సుమారు 3,500. ఒక్కటియు అమ్ముడు పోకున్నను, దుకాణమునకు ఒక్కటి చొప్పున పంచి సరకు లెక్కలు వ్రాసికొనుటకు వాడుకొనవచ్చునని వారు తలచిరి. అనగా ఆ సంఖ్య గిరాకికి అంచనా కాదు, నష్టమునకు హద్దు. కాని జరిగినది వేరు. మొదటి నెలన్నరలో 10,000కు పైగా యంత్రములు అమ్ముడు పోయినవి. మొదటి సంవత్సరములో 55,000 అమ్ముడు పోయినవి.

ఆ సమయములో ఒక రేడియో దుకాణములోనికి పోయి చూచినవానికి ఏమి కనబడియుండును? మహా అయినచో ఒక యంత్రము. ప్రదర్శన అల్పము, గిరాకి అనల్పము. వర్తకుని భయమే ఆ ఖాళీ స్థలమునకు కారణము. ప్రదర్శన గిరాకిని గాక, గిరాకిని గూర్చి వర్తకునికి గల నమ్మకమును తెలుపునని ఈ కథ వలన బోధపడుచున్నది.

నిండిన అలమరలు, మునిగిన కంపెనీ

ఆరు సంవత్సరముల తరువాత దీనికి సరిగా వ్యతిరేకమైన కథ నడచినది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ పేరు విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు పరిచితమే. మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లలో ఒకదానిని 1958లో జాక్ కిల్బీ తయారు చేసినది ఆ కంపెనీలోనే. అంతటి కంపెనీ 1981లో ఇండ్లలో వాడుకొనుటకు టి.ఐ.-99/4ఎ అను కంప్యూటరును 525 డాలర్ల ధరకు విడుదల చేసినది. దీనికి పోటీగా కమొడోర్ అను కంపెనీ విక్-20 అను యంత్రమును 300 డాలర్లకు అమ్మసాగినది. దానిని కంప్యూటరు నిపుణుల దుకాణములకే గాక బట్టలు, బొమ్మలు అమ్ము కె-మార్ట్ వంటి పెద్ద బజారులకు కూడ చేర్చినది.

పోటీలో రెండు కంపెనీలును ధరలు తగ్గించుచు పోయినవి. 1983 నాటికి టి.ఐ. యంత్రము 100 డాలర్లకు దిగినది. బజారులలో కంప్యూటర్ల పెట్టెలు ఎచ్చట చూచినను కనబడుచుండెను. ఆ సంవత్సరము రెండవ త్రైమాసికములో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు దాదాపు 12 కోట్ల డాలర్ల నష్టము వచ్చినది. అక్టోబరు 28న ఆ కంపెనీ ఇంటి కంప్యూటర్ల వ్యాపారమునుండి వైదొలగుచున్నట్లు ప్రకటించినది. మిగిలిన యంత్రములు 50 డాలర్లకు తెగనమ్మబడినవి. వాటిని నమ్మి కొన్న కుటుంబములకు ఇకమీదట కొత్త భాగములు, కొత్త ప్రోగ్రాములు తయారు చేయు కంపెనీ లేకుండ పోయినది.

ఇందు నేర్చుకొనదగిన విషయములు రెండు. మొదటిది: గిరాకి ఒక అంకె కాదు. అది ధరతో మారుచుండును. 525 డాలర్ల వద్ద ఒక గిరాకి, 100 డాలర్ల వద్ద వేరొక గిరాకి, 50 డాలర్ల వద్ద ఇంకొక గిరాకి. "ఈ వస్తువుకు గిరాకి ఉన్నదా?" అను ప్రశ్న అసంపూర్ణము. "ఏ ధరకు?" అను మాట చేర్చవలెను. దుకాణములో జనము మూగియున్నను, తయారుచేసినవాడు ప్రతి యంత్రముమీద నష్టపోవుచు ఉండవచ్చును.

రెండవది: కర్మాగారము నుండి దుకాణమునకు పోయిన సరకు వేరు, దుకాణము నుండి ఇంటికి పోయిన సరకు వేరు. తయారీదారు తాను పంపిన పెట్టెలను లెక్కించుకొని "ఇన్ని అమ్ముడుపోయినవి" అనుకొనవచ్చును. కాని ఆ పెట్టెలు గొట్టములోనే నిలిచి ఉండవచ్చును.

ప్రదర్శనయే గిరాకిని పుట్టించునా?

ఇంతవరకు గిరాకి కారణము, ప్రదర్శన దాని ఫలితము అను ఊహతో విచారణ జరిగినది. కాని బాణము రెండు వైపులకును పోవును. ఎక్కువగా అమ్ముడుపోవు వస్తువుకు వర్తకుడు ఎక్కువ చోటు ఇచ్చును. ఎక్కువ చోటు ఇచ్చినందువలన ఆ వస్తువు మరింత అమ్ముడుపోవును. ఇందు రెండవ భాగము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు పెక్కు పరీక్షలు చేసిరి. కిరాణా సరకుల దుకాణములలో అలమరల చోటును పెంచి, తగ్గించి, అమ్మకములను లెక్కించిరి. 1972లో రొనాల్డ్ కర్హన్ ప్రకటించిన పరిశోధనలో చోటుకు, అమ్మకమునకు సంబంధము ఉన్నదని, కాని అది చాల చిన్నదని తేలినది. 2014లో మార్టిన్ ఐజెండ్ అను పండితుడు అంతవరకు జరిగిన పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి సగటు కట్టెను. చోటును నూటికి 10 వంతులు పెంచినచో అమ్మకము నూటికి 1.7 వంతులు పెరుగునని వచ్చినది. అర్థశాస్త్రములో దీనిని వ్యాకోచత్వము అందురు. ఈ లెక్కన చోటును రెట్టింపు చేసినను అమ్మకము ఇంచుమించు ఎనిమిదవ వంతు మాత్రమే పెరుగును. చోటు గిరాకికి తోడ్పడును గాని, లేని గిరాకిని సృష్టింపజాలదు.

ఇవి ముఖ్యముగా కిరాణా సరకులను గూర్చిన లెక్కలు. సబ్బును చూచి కొనవచ్చును. కంప్యూటరు అట్టిది కాదు. మీటలు నొక్కి చూడనిదే, తెర వెలుగు చూడనిదే కొనువానికి తృప్తి కలుగదు. స్పర్శకు గల బలమును గూర్చి 2009లో జోవాన్ పెక్, సుజాన్ షు అను ఇద్దరు పరిశోధకులు ప్రయోగములు చేసిరి. కాఫీ కప్పు వంటి చిన్న వస్తువులను కొందరికి తాకనిచ్చిరి, కొందరికి తాకనీయలేదు. తాకినవారిలో ఆ వస్తువు తమదేనన్న భావము ఎక్కువగా కనబడినది.

ఆపిల్ కంపెనీ తన మొదటి రెండు దుకాణములను 2001 మే 19వ తేదీన అమెరికాలో తెరచినప్పుడు ఈ మార్గమునే అనుసరించినది. పెట్టెల దొంతరలకు మారుగా విశాలమైన బల్లలు వేసినది. కంప్యూటర్లన్నిటిని నడుచుచున్న స్థితిలో, ఇంటర్నెట్‌కు కలిపి ఉంచినది. వచ్చినవారు ఎంతసేపైన వాడి చూడవచ్చును. అమ్మవలసిన సరకు వెనుక గదిలో ఉండును. ఇట్టి దుకాణములో బల్లమీద రెండే యంత్రములు ఉన్నవని గిరాకి స్వల్పమనుకొనుట పొరపాటు. అచ్చట తొట్టి కంటికి కనబడదు.

తొట్టి కనబడని చోటులు

వెనుక గది లేకయే వ్యాపారము చేసిన వారును కలరు. గేట్‌వే అను అమెరికా కంపెనీ తన దుకాణములలో కంప్యూటర్లను చూపెడిది గాని, కొన్నవారికి అప్పటికప్పుడు ఇచ్చెడిది కాదు. ఆర్డరు తీసికొని తరువాత ఇంటికి పంపెడిది. నిల్వ ఖర్చు తగ్గినది గాని, దుకాణముల ఖర్చు తప్పలేదు. 2004 ఏప్రిలులో మిగిలియున్న 188 దుకాణములను ఆ కంపెనీ ఒక్కసారి మూసివేసినది. చక్కని ప్రదర్శన ఉన్నంతమాత్రమున అమ్మకములు సరిపడునంత లేవని దీనివలన తెలియుచున్నది.

సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ల బజారులలో తీరు వేరు. ఒకే కట్టడములో ప్రక్కప్రక్కనే చిన్న చిన్న దుకాణములు. ఒక్కొక్క దానిలో చోటు బహు స్వల్పము. అడిగిన వస్తువు తన యొద్ద లేనిచో వర్తకుడు కుర్రవానిని పంపి ప్రక్క దుకాణము నుండి తెప్పించుట ఇట్టి బజారులలో పరిపాటి. ఒక దుకాణమును చూచి గిరాకిని అంచనా కట్టుట ఇచ్చట అసలే పనికిరాదు. బజారంతయు కలిసి ఒక తొట్టి.

మరికొన్ని కంప్యూటర్లు ఏ దుకాణములోను అడుగుపెట్టవు. కార్యాలయములు, బ్యాంకులు, కళాశాలలు టెండర్ల ద్వారా వందలకొలది కొనును. తమిళనాడు ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చు పథకమును ప్రారంభించి, లక్షలకొలది యంత్రములను పంచిపెట్టినది. అవి ఏ అలమరలోను కనబడలేదు. ఇంటర్నెట్ ద్వారా ఇంటికి తెప్పించుకొనువారి కొనుగోళ్ళును అట్టివే. దుకాణములో కంప్యూటర్ల బల్ల చిన్నదైనచో, దేశములో కంప్యూటర్లకు గిరాకి తగ్గినదని కాక, గిరాకి వేరు గొట్టముగుండ పారుచున్నదని అర్థము కావచ్చును.

ఇక కనబడు చోటు కూడ అన్ని వేళల వర్తకుని ఇష్టము కాదు. ద్వారమునకు ఎదుటి బల్ల, కంటికి ఎత్తున ఉండు అర, రంగుల దీపముల పలక - వీటికొరకు తయారీదారులు వర్తకులకు పలు రూపములలో సొమ్ము ముట్టచెప్పుట వ్యాపారములో మామూలు. 2013లో మైక్రోసాఫ్ట్ కంపెనీ అమెరికాలోని బెస్ట్ బై దుకాణములలో 500 చోట్ల, కెనడాలో మరి 100కు పైగా చోట్ల దుకాణములోపల దుకాణము వలె ప్రత్యేక స్థలములను ఏర్పాటు చేయనున్నట్లు ప్రకటించినది. ఇట్టి స్థలము గిరాకికి గుర్తు కాదు. గిరాకి కావలెనను కోరికకు గుర్తు.

ఖాళీ అలమర చెప్పు అబద్ధము

నిండిన అలమర మోసపుచ్చునట్లే ఖాళీ అలమరయు మోసపుచ్చును. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి పాఠశాలలు మూతపడినవి. పాఠములు తెరలమీదికి మారినవి. అనేక దేశములలో ల్యాప్‌టాప్‌లు దొరకుట కష్టమైనది. ఆ రోజులలో ఒక దుకాణమునకు వారమునకు 5 యంత్రములే వచ్చినవనుకొనుడు. ఐదును మొదటి రోజుననే అమ్ముడుపోయినవి. లెక్కల పుస్తకములో "అమ్మకము 5" అని వ్రాసియుండును. కాని అడిగి తిరిగిపోయినవారు ఎందరు? 7గురు కావచ్చును, 70 మంది కావచ్చును. తొట్టి ఎండినపుడు బయటి గొట్టము ఎంత పెద్దదైనను, లోపలికి వచ్చినంత నీరే బయటికి పోవును. కాబట్టి అమ్మకముల లెక్క గిరాకికి కనిష్ఠ హద్దు మాత్రమే. వట్టి చేతులతో పోయినవారి పేర్లు వ్రాసిపెట్టు వర్తకుడే అసలు గిరాకిని తెలిసికొనగలడు.

ఐ.డి.సి. అను పరిశీలన సంస్థ లెక్కల ప్రకారము ప్రపంచములో కర్మాగారములు పంపిన కంప్యూటర్లు 2021లో సుమారు 35 కోట్లు. 2023లో ఆ సంఖ్య సుమారు 26 కోట్లకు పడిపోయినది. రెండు సంవత్సరములలో నాలుగవ వంతు తరుగు! కంప్యూటర్లు వాడువారు నాలుగవ వంతు తగ్గిపోయిరా? లేదు. అవసరమైనవారు ముందే కొనివేసిరి. కొరతకు భయపడి వర్తకులు ఎక్కువగా తెప్పించుకొన్న సరకు దుకాణములలో, గిడ్డంగులలో పేరుకొనినది. అది కరిగిపోవువరకు వారు కొత్తగా తెప్పించుకొనలేదు. గిరాకిలో చిన్న అల లేచినపుడు, వర్తకుని దాటి టోకు వర్తకుని, అతనిని దాటి కర్మాగారమును చేరుసరికి అది పెద్ద కెరటమగును. కొరడా పిడిని కొద్దిగ కదిపినచో కొన విసురుగా ఆడునట్లు జరుగుటచే శాస్త్రజ్ఞులు దీనిని కొరడా ప్రభావమని పిలిచిరి.

విద్యార్థులు చేయదగిన పరిశీలన

ఈ విషయమును పరీక్షించుటకు ప్రయోగశాల అవసరము లేదు. ఊరిలోని ఒక దుకాణము, యజమాని అనుమతి, ఒక నోటు పుస్తకము ఉన్నచో చాలును.

మొదట, ఒక్కసారి చూచి ఊరకుండరాదు. వారమునకు ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు ఎనిమిది వారములు పోయి, ఏ నమూనా పెట్టెలు ఎన్ని ఉన్నవో వ్రాసికొనవలెను. మధ్యలో కొత్త సరకు ఎంత వచ్చినదో యజమానిని అడిగి తెలిసికొనవలెను. పోయినవారపు నిల్వకు కొత్త సరకును కూడి, అందులోనుండి ఈ వారపు నిల్వను తీసివేసినచో అమ్మకము తేలును.

రెండవది, పెట్టె మీది అచ్చును చదువవలెను. భారతదేశములో 2011 నాటి ప్యాకేజీ సరకుల నిబంధనలు పెట్టెలమీద నెల, సంవత్సరము ముద్రింపవలెనని విధించుచున్నవి. ఒకే బల్లమీది రెండు నమూనాలలో ఒకదాని పెట్టెలన్నియు గత రెండు నెలలవి, రెండవదాని పెట్టెలు పది నెలల క్రిందటివి అయినచో, ఏ గొట్టము పారుచున్నదో చెప్పుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. వచ్చిన వరుసలోనే సరకు అమ్ముడగుచున్నచో, నేడు దుకాణములో ఉన్న పెట్టెలు అచ్చటికి చేరి గడచిన సగటు కాలము, ఒక పెట్టె అచ్చట గడపు పూర్తి కాలములో సగము ఉండును. పై ఉదాహరణములోని రెండవ దుకాణములో అది 6 వారములు. ఇది ఎందులకు అట్లుండునో విద్యార్థులు స్వయముగా ఆలోచించి చూడవలెను.

మూడవది, ధర చీటిని ప్రతి వారము వ్రాసికొనవలెను. ధర తగ్గిన వారములో అమ్మకము పెరిగినచో, గిరాకి ధరతో మారు తీరు కంటికి కట్టినట్లు కనబడును.

నాలుగవది, ఒక దుకాణమును చూచి ఊరంతటికి తీర్పు చెప్పరాదు. 1937లో పి.సి. మహలనోబిస్ బెంగాలులో జనుము విస్తీర్ణమును అంచనా కట్టుటకు పూనుకొన్నప్పుడు ప్రతి పొలమును కొలువలేదు. తమకు నచ్చిన పొలములనే కొలువలేదు. యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న చోటులలో కొలత తీయు పద్ధతిని అభివృద్ధి చేసెను. అట్లే ఊరిలోని దుకాణముల పేర్లు చీటీలమీద వ్రాసి, కొన్నిటిని లాటరీ తీసి ఎన్నుకొనవలెను. లేనిచో పెద్ద వీధిలోని వెలుగుల దుకాణమే అందరి కంట బడును. సందులోని చిన్న దుకాణము లెక్కకు రాకుండ పోవును.

చివరకు తేలునది

మొదట చెప్పిన ఇద్దరు విద్యార్థులలో ఎవరు సరియైనవారు? ఇద్దరును కాదు. చూచినది తప్పు కాదు. చూచినదాని నుండి తీసిన నిర్ణయము తొందరపాటు. పెట్టెల గుట్టలో గిరాకి ఉన్నది. వర్తకుని ఆశ, భయము ఉన్నవి. తయారీదారు సొమ్ము ఉన్నది. ధర తగ్గింపు ఉన్నది. గొట్టములో నిలిచిపోయిన పాత సరకు ఉన్నది. వీటిని విడదీయుటకు కాలము అను కొలబద్ద కావలెను.

పాఠశాలకు కంప్యూటర్లు కొనబోవు ఉపాధ్యాయుడు ద్వారమునకు ఎదుట మెరయుచున్న బల్లవద్దనే ఆగిపోనక్కరలేదు. ఈ నమూనా ఎప్పుడు వచ్చినది, పెట్టెమీద ఏ నెల ఉన్నది, గత నెలలో దీని ధర ఎంత, మూడేండ్ల తరువాత దీని భాగములు దొరకునా అని నాలుగు ప్రశ్నలు వేయుట మంచిది. టి.ఐ. యంత్రమును 50 డాలర్లకు కొనినవారికి ఆనాడు అది మంచి బేరముగనే తోచినది. నాలుగవ ప్రశ్నను అడిగినవారికి మాత్రము ఆ ధర ఎందులకు అంత తగ్గినదో తెలిసియుండును.